ఏటిగట్టు ఎక్కితే చాలు

మా కోనసీమలో ఎత్తు అంటే ఏటిగట్టే. కొండ చూడాలంటే గోదావరి దాటి అన్నవరమో, ద్వారకా తిరుమలో పోవాలి. మిగతాదంతా చదునే. ధవళేశ్వరం దగ్గర కాలవలోకి వదిలిన నీళ్ళు ఏ మోటారూ లేకుండా వాటంతటవే సముద్రం దాకా చేను చేనుకీ పారుతూ పోతాయి గానీ, ఆ వాలు కంటికి ఆనదు. కాటన్ దొర 1840ల్లో ఆ వాలుని కొలిచి ఆనకట్ట కట్టించాడు, మనం ఇప్పటికీ అన్నం తింటున్నాం. ఇలాంటి నేల మీద తిరిగే కారుకి పెద్ద ఇంజను దేనికి? టాప్ గేరులో వేస్తే రావులపాలెం నుంచి అమలాపురం దాకా మళ్ళీ గేరు రాడ్డు ముట్టుకోవాలంటే ఎదురుగా గేదెలు రావాలి, లేదా కాలవ మీద గూని వంతెన రావాలి. అసలు పరీక్ష ఒక్కచోటే. రేవులో పంటు, అంటే బండ్లని ఏరు దాటించే బల్లకట్టు, దిగి, తడి ఇసకలోంచి గట్టు మీదకి ఎక్కాలి. అది ఎక్కిందంటే ఆ బండి మా జిల్లాకి పనికొచ్చినట్టే.

నాకు కార్ల మీదకంటే ఇంజన్ల మీద మోజు. అందులోనూ చిన్నవాటి మీద. పెద్ద ఇంజను చేయడం ఏమంత గొప్ప అనిపించదు నాకు. సీసీలు పెంచుకుంటూ పోతే శక్తి అదే వస్తుంది, పెట్రోలు ఖర్చు కొన్నవాడిది. తక్కువలో సరిపెట్టాలి, తేలిగ్గా ఉండాలి, చవగ్గా ఉండాలి, పల్లెటూరి మేస్త్రీ విప్పి మళ్ళీ బిగించగలగాలి, పైగా పది పదిహేనేళ్ళు నడవాలి అంటేనే ఇంజనీరు తెలివి బయటపడేది. ఈ మాట ఎక్కడన్నా అంటే కుర్రాళ్ళు నవ్వుతారు. నవ్వనీండి.

ఈ మోజు మా బాబాయ్ ఫియట్ దగ్గర మొదలైంది. 1980ల మొదట్లో కొన్నాడు. కాయితాల మీద ప్రీమియర్ పద్మిని, మా జిల్లాలో మాత్రం ఎవరూ పద్మిని అనగా నేను వినలేదు, అందరికీ ఫియటే. అప్పట్లో కారు కొనడం అంటే డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూడటం. అంత ఓపిక లేక బాబాయ్ కాకినాడలో ఒకరి దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నాడు. పాలమీగడ రంగు. స్టీరింగ్ పక్కనే గేరు రాడ్డు, ముందు బెంచీలా ఒకే సీటు. ఆ సీట్లో ముగ్గురు పెద్దవాళ్ళు, ఒడిలో ఒక పిల్లాడు. ఆ పిల్లాణ్ణి నేనే కాబట్టి గేరు మార్చినప్పుడల్లా బాబాయ్ మోచెయ్యి నా చెవికి తగిలేది.

ఆ కారు బానెట్ ఎత్తినప్పుడు నాకు మొదట కనబడింది ఖాళీ. ఇంజను మధ్యలో నిలువుగా కూర్చుని ఉండేది. అటూ ఇటూ చెయ్యి కాదు, భుజం దాకా పెట్టేంత చోటు. కిందకి చూస్తే నేల కనబడేది. స్పానర్ జారితే టంగుమని రోడ్డు మీద పడేది, వంగి తీసుకోవడమే. ఇప్పటి బండ్లలో జారిన నట్టు ఎక్కడికి పోతుందో దేవుడికే తెలియాలి. ముందు రేడియేటరు, దాని వెనక బెల్టుతో తిరిగే ఫ్యాను, ఒక పక్క పెట్రోలునీ గాలినీ కలిపే కార్బొరేటరు, డిస్ట్రిబ్యూటర్ నుంచి ప్లగ్గులకి పోయే నాలుగు నల్ల వైర్లు. ఏది ఎక్కణ్ణుంచి వస్తోందో, ఎక్కడికి పోతోందో వేలు పెట్టి చూపించవచ్చు. పెట్రోలు ఇటు, గాలి అటు, నిప్పు ఇక్కణ్ణుంచి. పదేళ్ళ పిల్లాడికి అర్థమైపోయేది.

1089 సీసీ. నాలుగు సిలిండర్లు. దాదాపు 40 హార్స్ పవర్. పిస్టన్ అడ్డుకొలత 68 మిల్లీమీటర్లు, అది కిందకీ పైకీ తిరిగే దూరం 75. ఈ కొలతలు నాకు నోటికి రావడానికి ఒక కారణం ఉంది, అది తర్వాత చెప్తాను. ఇవి 1980ల నాటివి కావు, మన దగ్గర మొదలైనవీ కావు. 1937లో ఇటలీలో ఫియట్ వాళ్ళు 508సీ అని ఒక కారు తెచ్చారు. దాంట్లో ఉన్నది ఇదే 68, ఇదే 75, ఇదే 1089. దాన్ని గీసిన బృందానికి పెద్ద డాంటే జకోసా. అంతకు ముందు ఏడాదే 569 సీసీ ఇంజనుతో టొపొలీనో అనే బుల్లి కారు తెచ్చిన మనిషి, 1957లో రెండే సిలిండర్లు, 479 సీసీతో ఫియట్ 500 తెచ్చిందీ ఆయనే. ఇటలీలో తర్వాత 1100 అనే పేరుతో నడిచిన ఈ ఇంజనుకే బోరు, అంటే ఆ అడ్డుకొలత, పెంచి 1221 సీసీ చేసుకున్నారు. బొంబాయి కుర్లాలో తయారైన మన బండికి మాత్రం ఆ పాత కొలతే ఉంచారు. అంటే రెండో ప్రపంచయుద్ధానికి ముందు గీసిన కొలతలు 2000 సంవత్సరం దాకా కారుగా రోడ్డెక్కాయన్నమాట. దీన్ని వెనకబాటుతనం అని తిట్టేవాళ్ళున్నారు. తిట్టడంలో న్యాయం ఉంది కూడా, పోటీ లేని రోజుల్లో ఎవరూ ఏమీ మార్చలేదు. కానీ అరవై ఏళ్ళు మార్చకుండా నడిచిందంటే ఆ మొదటి గీత ఎంత బాగా గీశాడో కూడా ఆలోచించాలి కదా.

ఇదంతా నేను పెద్దయ్యాక తెలుసుకున్నది. అప్పట్లో నాకు జకోసా మా మేస్త్రీయే.

ఆయన షెడ్డు రావులపాలెం వెళ్ళే రోడ్డులో ఒక రైసు మిల్లు ప్రహరీని ఆనుకుని ఉండేది. రేకుల కప్పు, మట్టినేల, కారిన ఆయిల్ పీల్చి పీల్చి ఆ మట్టి నల్లగా గట్టిపడి తారురోడ్డయిపోయింది. ఆయన మొదట కార్ల మేస్త్రీ కాదు. ఊడ్పుల రోజుల్లో నీళ్ళు తోడే ఆయిల్ ఇంజన్లు, రైసు మిల్లుల ఇంజన్లు, లాంచీ ఇంజన్లు బాగుచేసిన చెయ్యి. ఒంటి సిలిండరు డీజిల్ ఇంజను చప్పుడు పొలం అవతల నుంచి విని, రింగులు పోయాయా నాజిల్ పోయిందా చెప్పేవాడు. అలాంటి మనిషికి నాలుగు సిలిండర్లు పెద్ద సుఖం. "ఒకటి మానేసినా మూడు లాగుతాయండీ, ఆయిల్ ఇంజనుకి ఆ సౌకర్యం ఎక్కడిదీ?" అనేవాడు.

ఆ మానేసిన ఒకటి ఏదో పట్టుకునే పద్ధతి నాకు ఇప్పటికీ ఇష్టం. బండి మిస్ కొడుతోందని తీసుకెళ్ళాం అనుకోండి. ఇంజను స్టార్ట్ చేసి ఐడిలింగ్‌లో వదిలేసేవాడు. ఎండిన గుడ్డ ఒకటి చేతికి చుట్టుకుని ఒకటో ప్లగ్గు మీద వైరు లాగేవాడు. ఇంజను చప్పుడు కుంగితే ఆ సిలిండరు మంచిదే, వైరు మళ్ళీ తగిలించేసేవాడు. రెండోది లాగితే ఇంకా కుంగేది. మూడోది లాగితే చప్పుడులో ఏ తేడా లేదు. "ఇదిగో దొంగ" అనేవాడు. లాగినా తేడా రాలేదంటే అది ముందునుంచీ పనిచేయడం లేదనేగా. ఏ మీటరూ లేదు, ఒక గుడ్డ, రెండు చెవులు.

తర్వాత ఆ ప్లగ్గు విప్పి నాకు చూపించేవాడు, బడిలో మాస్టారు పలక చూపించినంత శ్రద్ధగా. మొన మీద ఇటుక రంగు బూడిద ఉంటే మిశ్రమం సరిగ్గా ఉన్నట్టు. నల్లగా పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. నల్లగానే ఉండి తడిగా, జిడ్డుగా ఉంటే ఆయిల్ పైకి వస్తోంది, రింగుల సంగతి చూసుకోవాలి, అంటే సిలిండర్లు అరిగి ఇంజను బోరుకొచ్చే రోజు దగ్గర పడుతోంది. తెల్లగా సున్నం వేసినట్టుంటే పెట్రోలు చాలక ఎక్కువ వేడెక్కుతోంది. నాలుగు ప్లగ్గులూ వరసగా ఫెండర్ మీద గుడ్డ పరిచి పెడితే, నాలుగు గదుల్లో ఏం జరుగుతోందో అక్కడ రాసి ఉన్నట్టే. గరుకు కాయితంతో మొన రుద్ది, ఫీలర్ గేజితో సందు చూసి, సందు ఎక్కువైతే నేలమీద చిన్నగా తట్టి దగ్గర చేసి, మళ్ళీ బిగించేవాడు. ప్లగ్గుని మొదట చేత్తోనే తిప్పాలి, స్పానర్ చివర్న మాత్రమే వాడాలి. "హెడ్డు అల్యూమినియం బాబూ, మరలు పోతే నేనూ ఏం చేయలేను" అని ప్రతిసారీ చెప్పేవాడు.

ఆఖరున కార్బొరేటరు. రెండే స్క్రూలు, ఒకటి వేగానికి, ఒకటి మిశ్రమానికి. ఎడం చేత్తో ఒకటి, కుడిచేత్తో ఒకటి తిప్పుతూ తల ఒక పక్కకి వాల్చి వినేవాడు. చప్పుడు నున్నబడుతూ నున్నబడుతూ ఒకచోట ఆగుతుంది. అక్కణ్ణుంచి పావు తిప్పు వెనక్కి. అయ్యాక ఎయిర్ క్లీనర్ మూత మీద సగం తాగిన టీ గ్లాసు పెట్టేవాడు. టీ పైన సన్నటి వలయాలు రావచ్చు, గ్లాసు మాత్రం కదలకూడదు. కదిలితే మళ్ళీ మొదలు. వెనక ఇంకో రెండు బండ్లు వెయిట్ చేస్తున్నా సరే.

ఆ ఫియట్‌కి ఎండాకాలం ఒక జబ్బు ఉండేది. మిట్టమధ్యాహ్నం, బండి నాలుగైదు ఊళ్ళు తిరిగి ఎక్కడో కాసేపు ఆగి మళ్ళీ బయల్దేరగానే రెండు దగ్గులు దగ్గి ఆగిపోయేది. పెట్రోలు పంపు ఇంజను పక్కనే బిగించి ఉంటుంది, ఇంజనుతోపాటే తిరుగుతుంది. బండి ఆపగానే ఫ్యానూ ఆగిపోతుంది, ఇంజను వేడంతా పంపు మీదకి వస్తుంది. లోపల పెట్రోలు ఆవిరైపోతుంది. పంపులో ఊగే పొర, డయాఫ్రం, ద్రవాన్ని తోస్తుంది గానీ ఆవిరిని తోయలేదు, అది నొక్కితే నలుగుతుంది, వదిలితే ఉబ్బుతుంది. కార్బొరేటరుకి చుక్క చేరదు. వైద్యం అందరికీ తెలిసిందే. తడిగుడ్డ పంపు మీద వేసి, వేపచెట్టు కింద కూర్చోవడం.

తడిగుడ్డ అంటే తేలికే అనుకుంటాం, మా వైపు రోడ్డు పక్కన కాలవ లేని చోటు ఉండదు గనక. అయితే ఎండలు మండిపోయే ఆ నెలల్లోనే కాలవలు కట్టేస్తారు, పూడికలు తీయడానికి, లాకులు బాగుచేయడానికి. సరిగ్గా నీళ్ళు కావాల్సినప్పుడు కాలవలో బురద, అందులో పీతలు పట్టే పిల్లలు. అందుకని బాబాయ్ డిక్కీలో ఎప్పుడూ ఒక ప్లాస్టిక్ డబ్బాతో నీళ్ళు, చిరిగిన తువ్వాలు ఉండేవి. ఒకసారి ద్రాక్షారామం దాటాక డబ్బా ఖాళీ. పక్కన కొబ్బరితోటలో దింపు తీస్తున్న మనిషి రెండు బొండాలు కొట్టి ఇచ్చాడు, ఒకటి బాబాయ్ తాగాడు, ఒకటి పంపుకి పోశాడు. పంపు తీపికి చీమలు పట్టాయని పిన్ని ఆ ఏడాదంతా ఏడిపించింది.

కోటిపల్లి రేవు గురించి చెప్పకపోతే ఈ జ్ఞాపకం సగమే. ముక్తేశ్వరం వైపు నుంచి కాకినాడ వెళ్ళాలంటే రావులపాలెం చుట్టూ తిరక్కుండా పంటు మీద గోదావరి గౌతమి పాయ దాటేవాళ్ళం. పడవలు జతచేసి పైన బల్లలు పరిచిన పంటు. మనుషులు, సైకిళ్ళు, కొబ్బరికాయల బస్తాలు, మేకలు, అన్నీ ఎక్కాక చివర్న కారు. రేవులో వాలుగా రెండు బల్లలు వేసేవారు. చక్రాలు వాటి మీదే పోవాలి. బాబాయ్ తల బయటపెట్టి, రేవు మనిషి చేతుల వంక చూస్తూ, క్లచ్ సగం వదిలి అంగుళం అంగుళం ఎక్కించేవాడు. ఎక్కాక చక్రాల కింద రాళ్ళు. హ్యాండ్‌బ్రేకు మీద నమ్మకం పెట్టుకున్న వాళ్ళెవరూ లేరు అక్కడ.

దిగడం ఇంకా ముచ్చట. ఫియట్‌కి ఫస్ట్ గేరు పడాలంటే బండి పూర్తిగా ఆగి ఉండాలి, కదులుతుండగా వేస్తే పళ్ళు కొరికిన చప్పుడు. అందుకని గట్టు ఎక్కేటప్పుడు మధ్యలో గేరు దించుకోవడాల్లేవు. కిందనే ఫస్ట్‌లో వేసి, రేజ్ చేసి, దేవుణ్ణి తలుచుకుని, పైదాకా ఒకే ఊపు. ఆడవాళ్ళు, పిల్లలు దిగి నడిచేవారు. నేను మాత్రం దిగేవాణ్ణి కాదు. 1089 సీసీ ఆ ఇసకలో కష్టపడుతుంటే ఆ అదురు సీటులోంచి వెన్నులోకి వచ్చేది. చప్పుడు లావై, మొరటై, ఇక ఆగిపోతుందేమో అన్నచోట ముందు చక్రాలు గట్టు మీద చదునుకి తగిలేవి. వెంటనే సెకండ్. ఆ సెకండ్ పడిన క్షణంలో ఇంజను గొంతు మారడం ఉంది చూశారూ, అది వినడానికే వెళ్ళేవాణ్ణి నేను కాకినాడ. మిగతావాళ్ళు కోటయ్య కాజాల కోసం వచ్చేవారనుకోండి.

ఊళ్ళో మిగతా కార్ల గురించి రెండు ముక్కలు. డాక్టరుగారికి స్టాండర్డ్ హెరాల్డ్ ఉండేది, 948 సీసీ. దాని బానెట్ ఎత్తడం అంటే కారు మొహం మొత్తం, ఫెండర్లతో సహా ముందుకి వాలిపోయేది. మేస్త్రీ ముందు చక్రం మీద హాయిగా కూర్చుని పనిచేసుకునేవాడు. అంతకంటే మర్యాదైన కారు నేను చూడలేదు. అంబాసిడర్లు చాలా ఉండేవి, పెళ్ళిళ్ళకీ, ఎన్నికలకీ. 1489 సీసీ. దృఢమైన ఇంజనే, కాదనను. కానీ ఆ బరువు లాగడానికే దాని బలమంతా సరిపోయేది, పెట్రోలు సంగతి ఇక అడక్కండి. అంబాసిడర్ గొప్పదా ఫియట్ గొప్పదా అని రచ్చబండ మీద తగువు ఎప్పుడూ తేలలేదు. నాదెప్పుడూ ఒకటే పార్టీ.

మారుతి 800 వచ్చింది. 1983 డిసెంబరు 14న ఢిల్లీలో ఇందిరాగాంధీ మొదటి కారు తాళాలు ఇచ్చింది, ధర 50 వేల అటూ ఇటూ. మా ఊరికి చేరడానికి ఇంకా కొన్నేళ్ళు పట్టింది. మా పెద్దమావయ్య కొన్నాడు, తెల్లది. బాబాయ్ దాన్ని చూసి "అగ్గిపెట్టె" అన్నాడు. ఆ పేరు ఊరంతా పాకింది. 12 అంగుళాల చక్రాలు, చేత్తో వంచితే వంగేంత రేకు, పైగా మూడే సిలిండర్లు. "నాలుగోది కొనడానికి డబ్బుల్లేవా మీ జపానోడికి?" అని మావయ్యని బాబాయ్ అడగని రోజు లేదు. మావయ్య నెమ్మదస్తుడు, నవ్వి ఊరుకునేవాడు. సాయంత్రానికి అదే మారుతిలో బాబాయ్‌ని సినిమాకి తీసుకెళ్ళేవాడు.

మేస్త్రీ మాత్రం ఎగతాళి చేయలేదు. ఆయనకి దాని మీద అనుమానం. ఇంజను అడ్డంగా ఉంది. ఫ్యాను ఇంజనుతో తిరగదు, కరెంటుతో తిరుగుతుంది, అదీ వేడెక్కినప్పుడు మాత్రమే. వాల్వులు తెరిచే క్యాం షాఫ్ట్ పైన హెడ్డులో ఉంది, దాన్ని తిప్పేది పళ్ళున్న రబ్బరు బెల్టు. "రబ్బరు మీద ప్రాణం పెట్టారండీ" అని తల అడ్డంగా ఊపేవాడు. ఐడిలింగ్‌లో అదురు చూసి ముందు మౌంటింగులు పోయాయనుకున్నాడట. మూడు సిలిండర్ల తీరే అంత. నాలుగింటిలో పిస్టన్లు తిప్పే క్రాంకు ప్రతి అరచుట్టుకీ ఒక పేలుడు ఉంటుంది. మూడింటిలో రెండు చుట్లకి మూడే, అంటే మధ్య విరామం ఎక్కువ. పైగా మొదటి పిస్టను, చివరి పిస్టను ఒకదానికొకటి సరిపడక ఇంజను ఈ చివర ఆ చివర ఊగుతుంది. వేగం పెరిగితే ఆ ఊపు కలిసిపోతుంది, గొంతు ఒకలాంటి గురగురలోకి వస్తుంది. టీ గ్లాసు పరీక్షలో మారుతి ఎప్పుడూ ఫెయిలే.

నేను ఇంటర్ అయ్యాక సెలవుల్లో ఆ షెడ్డులోనే ఎక్కువ ఉండేవాణ్ణి. ఒకరోజు ఎవరిదో మారుతి హెడ్డు దించి, పిస్టన్లు తీసి కిరోసిన్‌లో కడుగుతున్నాడు. బల్ల కింద ఎప్పటిదో ఫియట్ పాత పిస్టను ఒకటి ఉండేది, బీడీలు ఆర్పడానికి వాడేవాడు. నాకేం తోచిందో, దాన్ని తుడిచి పక్కన పెట్టాను. రెండూ ఒకేలా ఉన్నాయి. మేస్త్రీ చూసి, చేతులు తుడుచుకుని, వెర్నియర్ తీశాడు. ఫియట్‌ది 68 చిల్లర తక్కువ. మారుతిది అంతకంటే అర మిల్లీమీటరు ఎక్కువ. అంతే తేడా. పుస్తకం ప్రకారం ఫియట్ బోరు 68, మారుతి బోరు 68.5. స్ట్రోకు, అంటే పిస్టను తిరిగే దూరం, ఫియట్‌కి 75, మారుతికి 72. లెక్కేస్తే ఫియట్‌లో ఒక్కో సిలిండరు 272 సీసీ, మారుతిలో 265. ఆ కొలతలు అప్పటినుంచే నాకు నోటికొచ్చాయి. మేస్త్రీ ఆ రెండు పిస్టన్లూ రెండు అరచేతుల్లో పెట్టుకుని బరువు చూస్తూ, "ఆయ్, మన ఫియట్‌లోంచి ఒకటి తీసి పక్కన పెట్టాడండీ, అంతే" అన్నాడు. ఆ రోజు నుంచి ఆయనకి మారుతి మీద అనుమానం పోయింది. బంధువు అని తెలిశాక ఇంకేం అనుమానం?

బంధుత్వం నిజంగానే ఉందని చాలా ఏళ్ళ తర్వాత చదివాను. మారుతి ఇంజనుకి పుట్టిల్లు జపాన్‌లోని సుజుకి, అక్కడ దాని తమ్ముడు 543 సీసీది. జపాన్‌లో బుల్లికార్ల తరగతికి 1990 దాకా 550 సీసీ గీత ఉండేది. ఆ మూడు సిలిండర్ల ఇంజనునే పెంచి 796 చేశారు. ఇక అడ్డంగా పెట్టడం సంగతి. 1959లో ఇంగ్లండులో ఇసిగోనిస్ అనే ఇంజనీరు మినీ కారుకి 848 సీసీ ఇంజను అడ్డంగా పెట్టి, గేరుబాక్సు దాని కింద ఆయిల్ సంపులోనే ఇరికించాడు. సూయజ్ గొడవతో పెట్రోలుకి కటకట వచ్చాక పుట్టిన ఆలోచన అది. ఇంజనుకి, గేర్లకి ఒకటే ఆయిల్. గొప్ప ఆలోచనే, కానీ చిక్కుది. గేరుబాక్సుని కింద కాక ఇంజను చివర్న, అదే వరసలో పెడితే పోలా అని తేల్చిన మనిషి మళ్ళీ జకోసాయే. 1964లో ప్రిములా అనే కారులో అలా చేశాడు. దాంట్లో అడ్డంగా తిప్పి పెట్టిన ఇంజను ఏదనుకున్నారు? ఫియట్ 1100 డీ ఇంజనే, ఆ 1221 సీసీది. మా బాబాయ్ బండి ఇంజనుకి సొంత అన్న. మారుతి ఇంజనూ గేరుబాక్సూ కూర్చున్న తీరు అదే. బాబాయ్ ఎగతాళి చేసిన అగ్గిపెట్టెకి దారి వేసింది ఆయన ఫియట్ కుటుంబమే అని చెప్తే, అప్పటికి ఆయన కూడా మారుతికి మారిపోయాడు కాబట్టి పెద్దగా ఏమీ అనలేదు.

మారిన రోజు చెప్పాలి కదా. సత్యనారాయణ వ్రతానికి రెండు కార్లలో అన్నవరం వెళ్ళాం. రత్నగిరి మీదకి ఘాట్ రోడ్డు. చదును మీద పుట్టిపెరిగిన డ్రైవర్లకి అదే హిమాలయం. ఫియట్‌లో ఆరుగురం, మారుతిలో ఐదుగురు. ఫియట్ సెకండ్‌లో మూలుగుతూ ఎక్కుతోంది, రేడియేటరు సూది పైకి పోతోంది. ఇంజను నెమ్మదిగా తిరుగుతుంటే బెల్టు ఫ్యాను కూడా నెమ్మదిగానే తిరుగుతుంది మరి, గాలి ఎక్కువ కావాల్సింది అప్పుడే అయినా. మలుపులో మావయ్య ఏసీ ఆపేసి, హారన్ కొట్టి, పక్కనుంచి ఎక్కిపోయాడు. పెద్ద మాయేం లేదు. ఫియట్ 900 కిలోల దగ్గర ఉంటుంది, మారుతి 650 దగ్గర. రెండింటి శక్తికీ తేడా మహా అయితే మూడు హార్స్ పవర్. 250 కిలోలు తక్కువ మోసేవాడు ముందు ఎక్కుతాడు. బాబాయ్ ఏమీ మాట్లాడలేదు. పైన గుడి దగ్గర మారుతి బానెట్ ఎత్తించి చాలాసేపు చూశాడు. ప్రసాదం తినేటప్పుడు, "లీటరుకి ఎంతిస్తోంది బావా?" అని నెమ్మదిగా అడిగాడు.

ఫియట్ మండపేటలో ఎవరికో అమ్మేశాడు. తర్వాత మారుతికీ కార్బొరేటరు పోయి, కంప్యూటరు లెక్కతో పెట్రోలు చిమ్మే ఎంపీఎఫ్‌ఐ వచ్చింది, మేస్త్రీ రెండు స్క్రూలకీ పని లేకుండా పోయింది. యానాం దగ్గర ఎదుర్లంక వంతెన కట్టారు, పంటు మీద కార్లు తగ్గాయి. టాటా నానో వచ్చింది, 624 సీసీ, రెండే సిలిండర్లు, ఇంజను వెనక. నాకు చాలా నచ్చింది. జనానికి నచ్చలేదు. 2014 మొదట్లో మారుతి 800 తయారీ ఆపేశారు. మేస్త్రీ అప్పటికే షెడ్డు కొడుక్కి ఇచ్చేశాడు, ఆ అబ్బాయి లాప్‌టాప్ తగిలించి చూస్తాడు. తప్పేం లేదు, ఇప్పటి బండి జబ్బులు చెవికి వినపడవు.

ఈమధ్య నేను కొత్త కారు కొందామని రాజమండ్రిలో ఒక షోరూమ్‌కి వెళ్ళాను. బాబాయ్‌కి ఎనభై దాటాయి, అయినా వస్తానన్నాడు. షోరూమ్ అబ్బాయి టచ్ స్క్రీను, కెమెరా, సన్‌రూఫ్ అన్నీ చూపించాడు. బాబాయ్ చేతికర్రతో బానెట్ మీద తట్టి "ఇది ఎత్తండి" అన్నాడు. ఎత్తితే లోపల ఒక పెద్ద నల్ల ప్లాస్టిక్ మూత. చెయ్యి కాదు, వేలు పెట్టేంత సందు లేదు, నేల సంగతి సరేసరి. లీటరు ఇంజను, మూడు సిలిండర్లట. బాబాయ్ నా వంక చూసి కళ్ళెగరేశాడు. "మూత తీయండి, చూస్తాం" అన్నాను. అబ్బాయికి టెన్షన్ వచ్చింది. "అది తీయకూడదు సార్, వారంటీ పోతుంది" అన్నాడు. బాబాయ్ కళ్ళజోడు సర్దుకుని వంగి, "పోనీ ప్లగ్గు ఎక్కడుందో అదన్నా చెప్పండి" అన్నాడు. అబ్బాయి మేనేజర్ని పిలిచాడు. మేనేజర్ సర్వీసు వాళ్ళకి ఫోన్ చేశాడు. ఈలోగా కుర్చీలు వేసి, కాఫీ ఇచ్చి, ఈఎంఐ కాయితం మా ముందు పెట్టారు.

"ప్లగ్గు ఎక్కడుందో తెలీదు గానీ ఒరేయ్, వడ్డీ మాత్రం పైసలతో సహా చెప్తున్నాడు" అన్నాడు బాబాయ్, కాఫీ ఊదుకుంటూ.